అమెరికాలో ఇంటి లిస్టింగ్ అగ్రిమెంట్‌ను మధ్యలో ఆపడం ఎలా: రద్దు కాగితం నుంచి కమిషన్ గొడవ దాకా

ఇల్లు మార్కెట్లో పెట్టి రెండు నెలలు దాటింది. చూడటానికి వచ్చినవాళ్లు తక్కువ, ఆఫర్ రాసినవాళ్లు లేరు. ఏజెంట్ ఫోన్ చేస్తే ధర తగ్గిద్దామనే తప్ప వేరే మాట ఉండదు. ఇలాంటప్పుడు అమ్మేవాళ్లకు తట్టే ప్రశ్న ఒకటే: ఈ ఏజెంట్ నుంచి బయటపడేదెలా? దాని వెనకే రావాల్సిన ఇంకో ప్రశ్న ఉంది. బయటపడ్డాక కూడా ఆ ఏజెంటుకు కమిషన్ బాకీ పడే అవకాశం ఉందా? మొదటిది చాలాసార్లు ఒక ఈమెయిల్‌తో తేలిపోతుంది. వేల డాలర్లు చేజారేది రెండోదాని దగ్గర. అందుకే ఈ వ్యాసం పొడుగునా ఒక్క విషయం మీద పట్టుబడతాను: రద్దు కాగితంలో కమిషన్ సంగతి స్పష్టంగా తేలకపోతే ఆ రద్దు పూర్తయినట్టు కాదు.

ఇల్లు అమ్మిపెట్టమని యజమాని బ్రోకరుతో రాసుకునే ఒప్పందమే లిస్టింగ్ అగ్రిమెంట్. ఇక్కడ చెప్పేది అమెరికాలో సొంత ఇల్లు అమ్మేవాళ్ల గురించి. రియల్ ఎస్టేట్ చట్టం అక్కడ రాష్ట్రానికో తీరుగా ఉంటుంది, కాబట్టి మీ అగ్రిమెంటులోని వాక్యాలు, మీ రాష్ట్రపు నియమాలు రెండూ పక్కన పెట్టుకుని చదవండి.

మనవాళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఏజెంట్ తరచు తెలిసినవాడే అయి ఉంటాడు. గుళ్లో కనిపిస్తాడు, పిల్లల పుట్టినరోజులకు వస్తాడు, తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంటాడు. "అన్నా, ఇంక చాలు" అని చెప్పడానికి మొహమాటం. ఆ మొహమాటంతోనే నెలలు గడుస్తాయి, లేదా ఫోన్లో "సరేలే అన్నా, వదిలేద్దాం" అని ఇద్దరూ అనుకుని ఊరుకుంటారు. కాగితం మీద మాత్రం ఒప్పందం బతికే ఉంటుంది. స్నేహం నిలవాలన్నా సరే, విడిపోయే విషయం రాతలోనే ఉండాలి.

మొదటి అడుగు: సంతకం చేసిన కాగితం మొత్తం తెచ్చుకోండి

మీ దగ్గర ఉన్న పీడీఎఫ్‌లో అన్ని పేజీలూ, తర్వాత చేర్చిన సవరణలూ ఉన్నాయో లేదో చూడండి. ధర తగ్గించినప్పుడో, గడువు పొడిగించినప్పుడో ఫోన్లోనే సంతకం పెట్టేసి మర్చిపోయిన కాగితాలు ఉంటాయి. అసలు అగ్రిమెంటులో గడువు జూన్ అని ఉండి, మీరు మరిచిపోయిన పొడిగింపులో సెప్టెంబర్ అని ఉండొచ్చు. కాపీలన్నీ పంపమని ఏజెంటును అడగండి, అది మీ హక్కు.

కాగితం చేతికొచ్చాక మొదట చూడాల్సింది ఒప్పందం ఎవరితో అన్నది. ఏజెంట్ పేరు పెద్దక్షరాల్లో ఉన్నా, ఒప్పందం ఆ ఏజెంట్ పనిచేసే బ్రోకరేజీతో ఉంటుంది. లిస్టింగ్ ఆ బ్రోకర్ సొత్తు. ఏజెంట్ కంపెనీ మారినా మీ లిస్టింగ్ పాత కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. విడుదల చేయగలిగిందీ ఆ బ్రోకరే. ఏజెంట్ నోటిమాటగా "నేను వదిలేశాను" అంటే దానికి విలువ ఉండకపోవచ్చు.

తర్వాత ఒప్పందం రకం. ఇళ్ల విషయంలో ఎక్కువగా కనిపించేది "ఎక్స్‌క్లూజివ్ రైట్ టు సెల్". దీని ప్రకారం గడువులోపల ఇల్లు ఎవరి ద్వారా అమ్ముడైనా లిస్టింగ్ బ్రోకరుకు కమిషన్ ఇవ్వాలి. కొనేవాడిని మీరే వెతుక్కున్నా, చివరికి మీ ఆఫీసులో పక్క సీటు స్నేహితుడే కొన్నా సరే. "ఎక్స్‌క్లూజివ్ ఏజెన్సీ" అయితే మీ అంతట మీరు కొనేవాడిని తెచ్చుకుంటే కమిషన్ ఉండదు. "ఓపెన్ లిస్టింగ్"లో కొనేవాణ్ణి ఎవరు తెస్తే వాళ్లకే. న్యూయార్క్ రాష్ట్రంలో ఒకటి నుంచి మూడు కుటుంబాల ఇళ్లకు సంబంధించిన ఎక్స్‌క్లూజివ్ ఒప్పందంలో మొదటి రెండింటి తేడాను వివరించి తీరాలన్న నియమమే ఉంది. ఆ తేడా తెలియక నష్టపోయేవాళ్లు ఎంతమంది ఉంటేనో అలాంటి నియమం పుడుతుంది.

మూడోది గడువు తేదీ. టెక్సస్‌లో లిస్టింగ్ ఒప్పందానికి కచ్చితమైన ముగింపు తేదీ ఉండాలి, ముందుగా నోటీసు ఇస్తేనే ముగుస్తుందన్న మెలిక ఉండకూడదు. కాలిఫోర్నియాలో ఇళ్లకు సంబంధించిన ఎక్స్‌క్లూజివ్ లిస్టింగ్ 24 నెలలకు మించకూడదని 2024 జనవరి 1 నుంచి చట్టం వచ్చింది. ఇలాంటి చట్టాలకు ఒక నేపథ్యం ఉంది. ఫ్లోరిడాలో మొదలైన ఎంవీ రియల్టీ అనే కంపెనీ ఇంటి యజమానులకు కొన్ని వందల నుంచి కొన్ని వేల డాలర్లు చేతిలో పెట్టి, భవిష్యత్తులో ఎప్పుడు అమ్మినా తమ ద్వారానే అమ్మాలని 40 ఏళ్ల ఒప్పందాలు రాయించుకుంది. వాటిని ఇంటి రికార్డుల్లోకీ ఎక్కించింది. 2022 చివర్లో ఫ్లోరిడా, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్ అటార్నీ జనరళ్లు దావాలు వేశారు. తర్వాత ఎన్నో రాష్ట్రాలు ఇలాంటి దీర్ఘకాల ఒప్పందాలను నిషేధిస్తూ చట్టాలు చేశాయి. ఎప్పుడో కొంత నగదు తీసుకుని ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టిన గుర్తు ఉంటే, మామూలు రద్దు పద్ధతి మీకు సరిపోదు. నేరుగా మీ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయానికి వెళ్లండి.

గడువు ఇంకా మూడు వారాలే ఉందనుకోండి. అప్పుడు రద్దు కోసం గొడవపడే కన్నా ఊరుకుని, గడువు ముగియనివ్వడమే మంచిదని నా అభిప్రాయం. పొడిగింపు కాగితం వస్తే మాత్రం సంతకం పెట్టకండి.

కమిషన్ ఎప్పుడు "సంపాదించినట్టు" అవుతుంది?

ఇది కొంచెం నిదానంగా చదవాల్సిన చోటు. అగ్రిమెంటులో "కమిషన్ ఎప్పుడు రావాలి" అనే పేరా ఉంటుంది. ఇల్లు అమ్ముడై డబ్బు చేతులు మారితేనే కమిషన్ అని చాలామంది అనుకుంటారు. సంప్రదాయంగా వస్తున్న సూత్రం అది కాదు. మీరు పెట్టిన షరతులకు ఒప్పుకుని, కొనడానికి సిద్ధంగా, ఇష్టంగా, డబ్బు పరంగా సమర్థంగా ఉన్న మనిషిని బ్రోకర్ తెచ్చి నిలబెడితే చాలు, కమిషన్ సంపాదించినట్టే. అంటే అడిగిన ధర పూర్తిగా ఇస్తానన్న ఆఫర్ వచ్చాక మీరు మనసు మార్చుకుని "అమ్మను" అంటే, ఇల్లు మీ దగ్గరే ఉన్నా కమిషన్ అడిగే వీలు బ్రోకరుకు ఉండొచ్చు.

కొన్ని రాష్ట్రాలు దీన్ని సడలించాయి. న్యూజెర్సీ సుప్రీం కోర్టు 1967లో ఎల్స్‌వర్త్ డాబ్స్ కేసులో, కొనేవాడు క్లోజింగ్ (డబ్బు కట్టి ఇల్లు తన పేరు మీదకు మార్చుకునే ఘట్టం) దాకా వచ్చి కొంటేనే కమిషన్ అని తేల్చింది. అమ్మేవాడి తప్పు వల్ల అమ్మకం చెడితే మాత్రం బాధ్యత అమ్మేవాడిదే అని కూడా చెప్పింది. 1975లో మసాచుసెట్స్ కోర్టు ఇంచుమించు అదే దారి పట్టింది. కాలిఫోర్నియాలో దీనికి వ్యతిరేక దిశలో గుర్తుంచుకోవాల్సిన తీర్పు ఒకటుంది. 1974లో బ్లాంక్ వర్సెస్ బోర్డెన్ కేసులో, గడువు లోపల యజమాని ఇంటిని మార్కెట్ నుంచి ఉపసంహరిస్తే పూర్తి కమిషన్ ఇవ్వాలన్న షరతు చెల్లుతుందని అక్కడి సుప్రీం కోర్టు అంది. అది జరిమానా అన్న వాదన నిలవలేదు. అందుకని మీ కాగితంలో "ఉపసంహరణ" అన్న మాట ఎక్కడుందో వెతకండి. ఆ వాక్యం ఉండగా, ఏ లిఖిత అంగీకారమూ లేకుండా "ఇల్లు మార్కెట్ నుంచి తీసేయండి" అని మెసేజ్ పెడితే చిక్కుల్లో పడతారు.

ఇంకొన్ని వాక్యాలు కూడా గుర్తు పెట్టుకోండి: రద్దు ఫీజు ఉందా, ఫోటోలకూ, స్టేజింగుకూ (అమ్మకం కోసం ఇంటిని సర్ది అలంకరించడం) అయిన ఖర్చులు తిరిగి ఇవ్వాలా, వివాదం వస్తే ముందు మధ్యవర్తిత్వమా, ఆర్బిట్రేషనా (కోర్టు బయట తీర్పరి తేల్చేది), ఓడినవాళ్లు లాయర్ ఫీజు భరించాలా. ఒప్పందం ముగిశాక కూడా కమిషన్ బాకీ మిగిల్చే, అన్నిటికన్నా ముఖ్యమైన "ప్రొటెక్షన్ పీరియడ్" గురించి వేరుగా చెబుతాను.

రెండో అడుగు: కారణం ఏమిటో తేల్చుకుని, ఆధారాలు పోగేయండి

మీ కారణం రెండింటిలో ఏదో చూసుకోండి. పని సరిగా చేయలేదని బ్రోకరును వదులుకుంటున్నారా, లేక మీ పరిస్థితి మారి అమ్మకమే మానుకుంటున్నారా?

మొదటిదైతే ఆధారాలు కావాలి. ఒప్పుకున్న తేదీకి మీ లిస్టింగ్, బ్రోకర్లు అమ్మే ఇళ్ల ఉమ్మడి జాబితా అయిన ఎంఎల్ఎస్‌లో పడలేదు, బెడ్‌రూముల సంఖ్య తప్పు, ఫోటోలు వేయలేదు, చూడటానికి అడిగినవాళ్లకు జవాబివ్వలేదు, వచ్చిన ఆఫర్ మీకు చూపించలేదు. చివరిది చాలా తీవ్రమైన విషయం, ఎందుకంటే వచ్చిన ప్రతి ఆఫరునూ మీ ముందు పెట్టడం ఏజెంట్ ప్రాథమిక బాధ్యత. ఎంఎల్ఎస్ చరిత్ర రిపోర్టు, షోయింగ్‌ల (ఇల్లు చూపించిన సందర్భాల) పట్టిక, ఈమెయిళ్లు, వాట్సాప్ సంభాషణలు తేదీలతో సహా ఒక ఫోల్డర్లో పెట్టుకోండి. "శ్రద్ధ పెట్టడం లేదు" అన్న మాటకు బ్రోకర్ కదలడు. "ఏప్రిల్ 4న, 9న, 15న వచ్చిన షోయింగ్ అభ్యర్థనలకు జవాబు లేదు" అంటే కదులుతాడు.

రెండోదైతే దాపరికం లేకుండా చెప్పేయండి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గ్రేస్ పీరియడ్. ఆ కంగారులో ఇల్లు అమ్మాలా, అద్దెకివ్వాలా, ఉంచుకోవాలా అన్న నిర్ణయం వారానికోసారి మారుతుంది. బ్రోకర్లు కూడా మనుషులే, కుటుంబ పరిస్థితి చెబితే చాలామంది విడుదల చేస్తారు. అయితే "అమ్మడం మానేస్తున్నాం" అని చెప్పి విడుదల తీసుకుని, పది రోజుల్లో వేరే ఏజెంటుతో మళ్లీ పెట్టకండి. అది దావాకు మీరే ఇచ్చిన ఆధారం అవుతుంది.

మూడో అడుగు: ముందు ఏజెంట్, తర్వాత బ్రోకర్

సంతకం చేసిన మూడు రోజుల్లో దేన్నైనా రద్దు చేసుకోవచ్చన్న నమ్మకం బాగా పాకిపోయింది. ఇంటికొచ్చి అమ్మేవాళ్ల విషయంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన ఆ నియమం రియల్ ఎస్టేటుకు వర్తించదు. మీ అగ్రిమెంటులోనో రాష్ట్ర చట్టంలోనో వేరుగా ఉంటే తప్ప దాని మీద ఆధారపడకండి.

ఏజెంటుతో ఒకసారి నేరుగా మాట్లాడండి. మీకు కావాల్సింది విడుదలా, పని మెరుగుపడటమా అన్నది ముందే తేల్చుకుని వెళ్లండి. రెండూ కలిపి అడిగితే మరో నెల వాయిదా దొరుకుతుంది, అంతే. ఏజెంట్ ఒప్పుకోకపోతే ఆ ఆఫీసు మేనేజింగ్ బ్రోకరుకు రాయండి. కొన్ని రాష్ట్రాల్లో ఆ స్థానాన్ని డిజిగ్నేటెడ్ బ్రోకర్ అంటారు. రాష్ట్ర లైసెన్స్ వెబ్‌సైటులో ఏజెంట్ పేరు వెతికితే పై బ్రోకర్ ఎవరో తెలుస్తుంది. కంపెనీ బాగానే ఉంది, ఏజెంటే కుదరలేదనిపిస్తే అదే కంపెనీలో వేరే ఏజెంటును ఇవ్వమని అడగొచ్చు. ఒప్పందం మారదు, కొత్త బాకీ పుట్టదు. నాకు ఇది చాలామంది పట్టించుకోని మంచి దారిగా కనిపిస్తుంది.

ఒప్పుకోని యజమానిని బ్రోకర్ బలవంతంగా అట్టేపెట్టుకోలేడన్నది చాలాచోట్ల నిజమే, ఏజెన్సీ సంబంధాన్ని యజమాని వెనక్కి తీసుకోవచ్చు. కానీ వెనక్కి తీసుకునే శక్తి వేరు, నష్టపరిహారం లేకుండా తీసుకునే హక్కు వేరు. ఏకపక్షంగా తెంచుకుంటే ఒప్పందభంగం కింద డబ్బు అడిగే దారి బ్రోకరుకు మిగులుతుంది. అందుకే ఇద్దరి సంతకాలతో ముగించడం కోసమే ప్రయత్నించండి.

నాలుగో అడుగు: ఉత్తరం

ఈమెయిల్ పంపండి. అగ్రిమెంటులో నోటీసు ఎలా పంపాలో వేరే పద్ధతి చెప్పి ఉంటే అలా కూడా పంపండి. యజమానులు ఇద్దరైతే ఇద్దరి పేర్లూ ఉండాలి. భార్యాభర్తల్లో ఒకరే రాసిన రద్దు లేఖ చెల్లదన్న వాదన అనవసరంగా మొదలవుతుంది. మీరు ఇండియాకు వెళ్లిపోతుంటే ఎలక్ట్రానిక్ సంతకంతో ఈ పని ముగించుకుని బయల్దేరండి.

ఉత్తరం ఇంగ్లీషులోనే ఉంటుంది కానీ సారం ఇలా ఉండాలి:

"ఫలానా చిరునామాలోని ఇంటికి ఫలానా తేదీన చేసుకున్న లిస్టింగ్ అగ్రిమెంటును పరస్పర అంగీకారంతో ఫలానా తేదీ నుంచి ముగించాలని కోరుతున్నాం. కారణాలు ఇవి. ఎంఎల్ఎస్‌లో లిస్టింగ్ స్థితిని రద్దు అని మార్చాలి. ప్రొటెక్షన్ పీరియడ్‌తో సహా కమిషన్, ఫీజు, ఖర్చుల బాధ్యతలన్నీ ముగిసినట్టు తెలిపే విడుదల పత్రం పంపండి. ప్రొటెక్షన్ పీరియడ్ వర్తిస్తుందని మీరు భావిస్తే, మీరు ఇంటిని చూపించిన కొనుగోలుదారుల పేర్ల జాబితా 3 పనిదినాల్లో రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ మధ్యలో ఇల్లు చూపించడం కొనసాగించవచ్చు, ఆఫర్లు మాకు పంపవచ్చు."

చివరి వాక్యం ఉద్దేశపూర్వకంగా పెట్టిందే. విడుదల చేతికి రాకముందే ఏజెంట్ పెట్టిన తాళంచెవి పెట్టె తీసేసి, బోర్డు పీకేసి, షోయింగ్‌లు ఆపేస్తే సహకరించలేదన్న నింద మీ మీదకు వస్తుంది. కోపంతో రాసిన మాటలు, రివ్యూ పెడతామన్న బెదిరింపులు ఉత్తరంలో వద్దు. రేపు జడ్జి చదివేది అదే ఉత్తరం.

ఐదో అడుగు: విడుదల పత్రాన్ని పదం పదం చదవండి

"మీ లిస్టింగ్ తీసేశాం" అన్న జవాబుతో తృప్తి పడకండి. ఎంఎల్ఎస్‌లో "విత్‌డ్రాన్" అంటే సాధారణంగా ప్రచారం ఆగిందని, ఒప్పందం మాత్రం అలాగే ఉందని అర్థం. "క్యాన్సిల్డ్" లేదా "టర్మినేటెడ్" అంటే ఒప్పందం ముగిసింది. పేర్లు ప్రాంతాన్ని బట్టి కాస్త మారతాయి. విత్‌డ్రాన్ స్థితిలో ఉండగా ఇంకో బ్రోకరుతో సంతకం పెడితే రెండు ఎక్స్‌క్లూజివ్ ఒప్పందాలు ఒకేసారి నడుస్తున్నట్టు.

విడుదలలు కూడా రెండు రకాలు. షరతులతో కూడిన విడుదలలో అసలు గడువు ముగిసేదాకా వేరే బ్రోకరుతో పెట్టకూడదనో, అమ్మితే కమిషన్ ఇవ్వాలనో ఉంటుంది. షరతులు లేని విడుదలలో ఏ బాకీ మిగలదు. మీ చేతికొచ్చింది ఏదో చూడండి. అమ్మకం పూర్తిగా మానేసేవాళ్లకు షరతులది కూడా పర్వాలేదు. ఏజెంటును మార్చాలనుకునేవాళ్లకు అది పనికిరాదు.

ఇప్పుడు ప్రొటెక్షన్ పీరియడ్. దీన్నే సేఫ్టీ క్లాజ్ అనీ, టెయిల్ అనీ అంటారు. ఒప్పందం ముగిశాక కూడా కొంతకాలం, గడువులో ఇల్లు చూసిన మనిషి తిరిగొచ్చి కొంటే పాత బ్రోకరుకు కమిషన్ ఇవ్వాలన్నది దీని సారం. 30 రోజులు ఉండొచ్చు, 180 రోజులు ఉండొచ్చు. దీని ఉద్దేశం న్యాయమైనదే. బ్రోకర్ తెచ్చిన మనిషితో చాటుగా మాట్లాడుకుని, గడువు దాటాక అమ్మేసి కమిషన్ ఎగ్గొట్టేవాళ్ల కోసం పెట్టింది. అయితే దీన్ని రాసే తీరులోనే అంతా ఉంది. ఎవరికి వర్తిస్తుంది? పేర్లతో జాబితా ఇచ్చినవాళ్లకేనా, ఓపెన్ హౌసుకు వచ్చిన ప్రతివాళ్లకూనా? జాబితా ఎప్పటిలోగా ఇవ్వాలి? మీరు వేరే బ్రోకరుతో మళ్లీ లిస్ట్ చేస్తే ఇది ఆగిపోతుందా? చాలా ఫారాల్లో ఆ మినహాయింపు ఉంటుంది, కొన్నింట్లో ఉండదు.

ఉండకపోతే ఏమవుతుందో లెక్క చూడండి. 6 లక్షల డాలర్ల ఇల్లు. పాత ఒప్పందంలో మొత్తం 5 శాతం, అంటే 30 వేలు. మీరు కొత్త బ్రోకరుతో 2.5 శాతానికి సంతకం పెట్టారు, 15 వేలు. కొనేవాళ్ల ఏజెంటుకు మరో 2.5 శాతం ఇవ్వడానికి ఒప్పుకున్నారు, ఇంకో 15 వేలు. మే నెలలో పాత ఏజెంట్ చూపించిన కుటుంబమే ఆగస్టులో కొంది. పాత బ్రోకర్ తన 30 వేలు అడుగుతాడు. వాదన అతని వైపు నిలిస్తే ఒకే అమ్మకం మీద మీరు కట్టేది 60 వేలు.

అందుకని విడుదల పత్రంలో నాలుగు సంగతులు రాయించుకోండి: ఒప్పందం ఫలానా తేదీన ముగిసింది, ప్రొటెక్షన్ పీరియడ్ రద్దయింది లేదా కింద పేర్లున్నవాళ్లకే ఫలానా తేదీ దాకా వర్తిస్తుంది, వేరే బ్రోకరుతో లిస్ట్ చేస్తే అదీ ఆగిపోతుంది, ఇరుపక్షాలకూ ఒకరి మీద ఒకరికి ఇంకే డబ్బు హక్కూ లేదు. బ్రోకర్ కొంత ఖర్చు అడిగితే రసీదులు చూసి, న్యాయంగా ఉంటే ఇచ్చేయండి. ఫోటోగ్రాఫరుకు అతను నిజంగా కట్టిన డబ్బు ఇచ్చి షరతులు లేని విడుదల తీసుకోవడం మంచి బేరమే. సంతకం బ్రోకరుది ఉండాలి, ఏజెంటుది ఒక్కటే చాలదు.

ఆరో అడుగు: కొత్త ఏజెంట్

రియల్టర్ల (నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ సభ్యులైన ఏజెంట్ల) నీతి నియమావళిలోని 16వ ఆర్టికల్ ప్రకారం, వేరే రియల్టరుతో ఎక్స్‌క్లూజివ్ ఒప్పందంలో ఉన్న మిమ్మల్ని కొత్త రియల్టర్ వలలో వేసుకోకూడదు. మీ అంతట మీరు సంప్రదిస్తే మాత్రం, తర్వాత చేసుకోబోయే ఒప్పందం గురించి మాట్లాడొచ్చు. కాబట్టి వెతుకులాట ముందే మొదలెట్టొచ్చు, సంతకం మాత్రం విడుదల వచ్చాకే.

పాత బ్రోకర్ ఇచ్చిన జాబితా ఏదైనా ఉంటే కొత్త బ్రోకరుకు చూపించి, ఆ పేర్లవాళ్లు కొంటే అతనికి కమిషన్ లేదనో, తగ్గుతుందనో కొత్త ఒప్పందంలో రాయించండి. మీ సొంత మినహాయింపులు కూడా ఇక్కడే చేర్చాలి. "మా కొలీగ్ చూస్తానన్నాడు" అని అనుమానం ఉంటే ఆ కొలీగ్ పేరు సంతకానికి ముందే మినహాయింపు జాబితాలో ఉండాలి. తర్వాత గుర్తు చేస్తే ఎవరూ ఒప్పుకోరు. గడువు 90 రోజులు అడగండి. పొడిగించడం తేలిక, తగ్గించడం కష్టం. కమిషన్ రేటును ఏ చట్టమూ నిర్ణయించలేదు, అది బేరమాడుకునేదే.

కమిషన్ గొడవ మొదలైతే

గొడవల్లో పాత బ్రోకర్ "కొనేవాణ్ణి తెచ్చింది నేనే" అనడం తరచు జరుగుతుంది. దీనికి వాడే మాట "ప్రొక్యూరింగ్ కాజ్". మొదట ఇల్లు చూపించినంత మాత్రాన అది రుజువు కాదు. పరిచయం నుంచి అమ్మకం దాకా తెగని గొలుసుగా జరిగిన సంఘటనలను మొదలెట్టింది ఎవరన్నది చూస్తారు. మధ్యలో ఎంత కాలం ఎడం వచ్చింది, ఆ బ్రోకర్ వాళ్లను పట్టించుకోవడం మానేశాడా, కొత్త బ్రోకర్ మొదటినుంచి మళ్లీ పని చేశాడా అన్నవి లెక్కలోకి వస్తాయి. మీ ఫోల్డర్లోని తేదీలు ఇక్కడ పనికొస్తాయి. అయితే మీ అగ్రిమెంటులో ప్రొటెక్షన్ పీరియడ్ వాక్యం స్పష్టంగా ఉంటే ముందు మాట్లాడేది ఆ వాక్యమే. బ్రోకరేజీలు తమలో తాము ఎవరిది కమిషన్ అని కొట్లాడుకుంటే అది వాళ్ల ఆర్బిట్రేషన్‌లో తేలాల్సిన విషయం. దానికోసం మిమ్మల్ని రెండుసార్లు కట్టమంటే ఒప్పుకోకండి.

కొనేవాళ్ల ఏజెంటుకు ఇచ్చే డబ్బు దగ్గర ఇప్పుడు కొత్త రకం గొడవలు వస్తున్నాయి. 2023 అక్టోబర్ 31న మిస్సోరీలో జ్యూరీ కమిషన్ల కేసులో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్‌కు, కొన్ని పెద్ద బ్రోకరేజీలకు వ్యతిరేకంగా దాదాపు 180 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2024 మార్చిలో ఆ సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీపడింది. రాజీలో భాగంగా 2024 ఆగస్టు 17 నుంచి ఎంఎల్ఎస్‌లో కొనేవాళ్ల ఏజెంటుకు ఇంత ఇస్తామని ప్రకటించడం ఆగిపోయింది. ఇల్లు చూడకముందే కొనేవాళ్లు తమ ఏజెంటుతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, అందులో రాసిన మొత్తానికి మించి ఆ ఏజెంట్ ఎవరి దగ్గరా తీసుకోకూడదు. మీరు ఇవ్వదలిస్తే ఇవ్వొచ్చు, కానీ మీ లిఖిత అంగీకారంతోనే.

ఇందులో అమ్మేవాళ్లకు పనికొచ్చే విషయం ఇది. మీరు కొనేవైపు 2.5 శాతానికి ఒప్పుకున్నారు, కొనేవాళ్ల ఒప్పందంలో 2 శాతమే ఉంది. 6 లక్షల ఇంటి మీద మిగిలిన అర శాతం 3 వేల డాలర్లు. అది మీ లిస్టింగ్ బ్రోకర్ జేబులోకి పోవాలా, మీకు తిరిగి రావాలా అన్నది మీ అగ్రిమెంటులో రాసి ఉండాలి. కొనేవాళ్లకు ఏజెంటే లేకపోతే మొత్తం లిస్టింగ్ బ్రోకరే తీసుకుంటాడా అన్నది కూడా.

క్లోజింగ్ ముందు సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ (ఎవరికి ఎంత వెళ్తుందో చూపే లెక్కల కాగితం) ముసాయిదాను, అమ్మకం లెక్కలు ముగించే టైటిల్ కంపెనీ, ఎస్క్రో ఆఫీసు లేదా క్లోజింగ్ లాయర్ దగ్గర కొద్ది రోజుల ముందే అడిగి తెప్పించుకోండి. కమిషన్ గళ్లను అగ్రిమెంటు పక్కన పెట్టి సరిచూడండి. తేడా ఉంటే బ్రోకర్ డిమాండ్ పంపిన చోటే రాతలో అభ్యంతరం చెప్పండి. ఆ ఒక్క మొత్తం మీద తగాదా కోసం అమ్మకాన్ని ఆపకండి, కొనేవాళ్లతో మీ ఒప్పందం వేరే, దాన్ని భంగపరిస్తే ఇంకా పెద్ద దావా. వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రం ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) ఉంచి, మిగతాదంతా పంచేలా రెండు పక్షాలూ సంతకం పెట్టే ఏర్పాటు అడగండి. అది కుదరక, కట్టి తీరాల్సి వస్తే "అభ్యంతరంతో, హక్కులు వదులుకోకుండా కడుతున్నాం" అని రాతలో పెట్టి కట్టండి.

ఇంటి మీద లీన్ (బాకీ తీరేదాకా ఆస్తిని పట్టి ఉంచే హక్కు) వేస్తామని బెదిరించే బ్రోకర్లు ఉంటారు. బ్రోకర్లకు లీన్ హక్కు ఇచ్చే చట్టాలు చాలా రాష్ట్రాల్లో వాణిజ్య ఆస్తులకే. టెక్సస్ చట్టం పేరులోనే వాణిజ్య రియల్ ఎస్టేట్ అని ఉంది. బెదిరింపు వస్తే ఏ చట్టం కింద అని రాతలో అడగండి.

ఇక తేల్చుకునే దారులు. మొదటిది మధ్యవర్తిత్వం. అగ్రిమెంటులో అది తప్పనిసరి అని ఉంటే దాన్ని దాటేసి కోర్టుకెళ్లకండి. కాలిఫోర్నియా రియల్టర్ల సంఘం ఫారాల్లో, మధ్యవర్తిత్వానికి ఒప్పుకోనివాళ్లు గెలిచినా లాయర్ ఫీజు రాబట్టుకోలేరు. ఏజెంట్ రియల్టర్ అయితే స్థానిక రియల్టర్ల సంఘాన్ని అడగొచ్చు. వాళ్ల నియమావళి 17వ ఆర్టికల్ ప్రకారం, ఫలితానికి కట్టుబడతానని క్లయింట్ ఒప్పుకుంటే రియల్టర్ మధ్యవర్తిత్వానికో ఆర్బిట్రేషన్‌కో రావాలి. గడువు మామూలుగా 180 రోజులు, అది దాటనివ్వకండి.

రాష్ట్ర రెగ్యులేటరుకు ఫిర్యాదు చేయడం వేరే పని. కాలిఫోర్నియాలో డిపార్ట్‌మెంట్ ఆఫ్ రియల్ ఎస్టేట్, టెక్సస్‌లో రియల్ ఎస్టేట్ కమిషన్ లాంటి సంస్థలు లైసెన్సు మీద చర్య తీసుకోగలవు, కమిషన్ ఎంతో తేల్చి మీ డబ్బు ఇప్పించడం వాటి పని కాదు. ఆఫర్ దాచడం, సంతకం ఫోర్జరీ, రహస్యంగా రెండు పక్షాలకూ పనిచేయడం లాంటివి జరిగితే తప్పకుండా వెళ్లండి. బేరం కోసం ఫిర్యాదును ఆయుధంగా ఊపడం మాత్రం మంచిది కాదు.

మీరు కట్టిన డబ్బు వెనక్కి రాబట్టాలంటే, మొత్తం చిన్నదైతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు సరిపోతుంది. పరిమితి కాలిఫోర్నియాలో వ్యక్తులకు 12,500 డాలర్లు, టెక్సస్ జస్టిస్ కోర్టులో 20,000, ఇల్లినాయ్‌లో 10,000, న్యూజెర్సీ స్మాల్ క్లెయిమ్స్‌లో 5,000. ఆర్బిట్రేషన్ షరతు ఉంటే స్మాల్ క్లెయిమ్స్‌కు మినహాయింపు ఉందేమో చూసుకోండి, తరచు ఉంటుంది. అంతకు మించిన మొత్తమైతే, లేదా ఓడినవాళ్లే లాయర్ ఫీజు కట్టాలన్న వాక్యం ఉంటే, రియల్ ఎస్టేట్ కేసులు చూసే లాయరుకు కాగితాలన్నీ చూపించాకే అడుగు వేయండి.

బ్రోకరే మీ మీద దావా వేసి సమన్లు అందితే, అవి అందిన తేదీ రాసిపెట్టుకుని అదే రోజు లాయరుకు పంపండి. కాలిఫోర్నియాలో జవాబు దాఖలుకు 30 రోజులుంటాయి, కొన్ని రాష్ట్రాల్లో అంతకన్నా తక్కువ. "ఇది అన్యాయమైన కేసు, ఫోన్ చేసి చెబుదాం" అనుకుని గడువు దాటనిస్తే, వాదన వినకుండానే డిఫాల్ట్ తీర్పు వస్తుంది. అంతదాకా ఇంటి మీద లీన్ వేయలేని బ్రోకరుకు ఆ తీర్పుతో మీ ఇతర ఆస్తుల మీద లీన్ వేసే దారి దొరుకుతుంది.